డిసెంబరులో చందా, జూన్‌లో ఫీజు: చర్చి యువజన సేవా సంఘాల డబ్బు నడిచే దారి

సంక్షిప్తంగా: తెలుగు రాష్ట్రాల్లో చర్చి యువకులు నడిపే సేవా సంఘాలకు డబ్బు ప్రధానంగా క్రిస్మస్ రోజుల్లో, చిన్న చిన్న మొత్తాలుగా వస్తుంది. ఖర్చు మాత్రం బడులు తెరిచే జూన్‌లో, జ్వరాల వానాకాలంలో, తుపాన్ల అక్టోబరు, నవంబరు నెలల్లో పడుతుంది. మధ్య నెలల్లో ఆ డబ్బు ఎవరి ఖాతాలో ఉంటుందన్న ప్రశ్న దగ్గరే రిజిస్ట్రేషన్, పన్ను, విదేశీ విరాళాల చిక్కులన్నీ మొదలవుతాయి. 2020 తర్వాత విదేశీ నిధుల దారి బాగా ఇరుకైంది. దాంతో, వందేళ్ల కిందట డోర్నకల్ ప్రాంతంలో వేళ్లూనుకున్న స్థానిక కానుకల పద్ధతి మళ్లీ ముందుకొస్తోంది.

క్రిస్మస్‌కు పది పదిహేను రోజుల ముందు నుంచి రాత్రిపూట నక్షత్రం లాంతరు పట్టుకుని, గిటారు, డప్పు, తాళాలతో యువకుల బృందం ఇంటింటికీ వెళ్తుంది. రెండు క్రిస్మస్ పాటలు (క్యారల్స్), చిన్న ప్రార్థన, ఆ ఇంటివాళ్లిచ్చే టీ. బయల్దేరేటప్పుడు డబ్బాలో వందో రెండొందలో పడతాయి. తర్వాత ఆ డబ్బే వృద్ధులకు దుప్పట్లవుతుంది, పదో తరగతి పిల్లలకు పరీక్ష అట్టలవుతుంది, ఎండాకాలం బస్టాండు దగ్గర చలివేంద్రమవుతుంది, దిక్కులేని శవానికి పెట్టె అవుతుంది.

విదేశీ విరాళాల లైసెన్సుల రద్దు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ ఈ డబ్బా గురించి కూడా సందేహాలు లేస్తున్నాయి. ఇది చర్చి డబ్బా, యువకుల డబ్బా? దీనికి పన్ను ఉందా? అమెరికాలో ఉన్న అన్నయ్య పంపిన పదివేలు తీసుకుంటే తప్పవుతుందా? ఒక్కో ప్రశ్నకు ఒక్కో చట్టం జవాబు చెబుతుంది. ఆ చట్టాలన్నింటినీ కలిపి చూసేవారు తక్కువ కావడం వల్ల, భయపడాల్సిన అవసరం లేనివారు భయపడుతున్నారు, జాగ్రత్త పడాల్సినవారు పడటం లేదు.

ఒకే మాట, రెండు సంఘాలు

గందరగోళంలో సగం ‘సంఘం’ అనే మాటలోనే ఉంది. తెలుగు క్రైస్తవుల వాడుకలో సంఘమంటే చర్చి: ఆదివారం ఆరాధనకు కూడే విశ్వాసులు, పాస్టర్, సంఘ పెద్దలు. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో సంఘమంటే సొసైటీ: కనీసం ఏడుగురు సభ్యులు, నియమావళి, కమిటీ, ఒక నంబరు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో వచ్చిన సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే నేడు రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. అంతకుముందు ఆంధ్ర ప్రాంతంలో 1860 నాటి చట్టం, తెలంగాణ ప్రాంతంలో నిజాం కాలపు 1350 ఫసలీ చట్టం వేర్వేరుగా నడిచేవి.

మందిరంలోని యౌవనస్థుల కూటమి (వాడుకలో ‘యూత్’) మొదటి అర్థంలో సంఘంలో భాగమే. రెండో అర్థంలో దానికి సొంత ఉనికి ఉండదు. అది చేసే సేవ చట్టం దృష్టిలో చర్చి సేవైనా కావాలి, కొందరు వ్యక్తుల సేవైనా కావాలి. పని చిన్నదిగా ఉన్నంతకాలం ఈ తేడా ఎవరికీ పట్టదు. డబ్బు ఒక సాయంత్రం వసూలై మర్నాడు దుప్పట్లుగా మారిపోతే ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. డబ్బును నిలవ ఉంచాల్సి వచ్చిన రోజున తేడా బయటపడుతుంది.

నిలవ ఉంచక తప్పదు కూడా. క్యారల్స్ డబ్బు డిసెంబరులో వస్తుంది. దినసరి కూలికి, ఆటో డ్రైవరుకు చేతులు కట్టేసినట్టయ్యే నెల జూన్: ఫీజులు, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో డెంగీ, టైఫాయిడ్. ఆ తర్వాత కోస్తాకు తుపాను కాలం. దివిసీమను తుడిచిపెట్టిన 1977 ఉప్పెన వచ్చింది నవంబరు 19న, ఏడాదిలో యూత్ డబ్బా దాదాపు ఖాళీగా ఉండే రోజుల్లో. వసూలుకూ అవసరానికీ మధ్య ఆరు నెలల దూరం ఉంది. అన్నాళ్లు డబ్బును కాపాడాలంటే బ్యాంకు ఖాతా కావాలి, ఖాతాకు పాన్ కార్డు కావాలి, పాన్‌కు రిజిస్ట్రేషన్ కావాలి.

ఇవేవీ లేనిచోట డబ్బు ట్రెజరర్ సొంత ఖాతాలో ఉంటుంది. ఇప్పుడు డబ్బాతో పాటు క్యూఆర్ కోడ్ అట్టనూ మోసుకెళ్తున్నారు, ఆ కోడ్ కూడా అతనిదే. డబ్బులన్నీ అతని పేరు మీద జమవుతాయి. ఆదాయపు పన్ను శాఖ ఎప్పుడైనా వివరణ అడిగితే, ‘ఇది నాది కాదు, యూత్‌ది’ అని చూపించడానికి అతని దగ్గర కాగితం ఉండదు. మరో సంగతి మనుషులకు సంబంధించింది. యువజన సంఘంలో ఎవరూ ఎక్కువకాలం ఉండరు. చదువు కోసం, ఉద్యోగం కోసం, పెళ్లయ్యాక రెండు మూడేళ్లలో ఊరు మారతారు. హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయిన ట్రెజరర్ ఖాతాలో యూత్ డబ్బు మిగిలిపోవడం, ఫోన్లు, మాటలు, ఆపైన మనస్పర్థలు... చాలా సంఘాల్లో వినబడే కథే ఇది. దొంగతనం జరగకపోయినా నమ్మకం పోతుంది. నమ్మకం పోయిన చోట మరుసటి డిసెంబరులో డబ్బా తేలికవుతుంది.

సొరకాయ వేలం ఎందుకు పనిచేస్తుంది

స్థానికంగా డబ్బు సమకూర్చే పద్ధతులను చాలామంది పాతకాలపు ఆచారాలుగా చూస్తారు. ఆర్థికంగా అవి ఎంత పదునైనవో కోత పండుగను గమనిస్తే తెలుస్తుంది.

కోత పండుగ రోజు మందిరం ముందు వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోళ్లు, ఇంట్లో వండిన అరిసెలు చేరతాయి. ఆరాధన అయ్యాక వేలం పాట. ముప్పై రూపాయల సొరకాయను ఐదొందలకు పాడినవారు దాన్ని ఇంటికి తీసుకెళ్లరు, మళ్లీ కానుకగా ఇచ్చేస్తారు. మళ్లీ పాట మొదలవుతుంది. ఒకే సొరకాయ మూడు నాలుగు చేతులు మారుతుంది.

చేతిలో డబ్బులేని ఇంటికి పెరట్లో పాదు ఉంటుంది. ఉద్యోగస్తుడికి జీతం ఉంటుంది, పాదు ఉండదు. వేలం ఈ ఇద్దరినీ కలుపుతుంది: ఒకరి పంట, ఇంకొకరి నగదు. సొరకాయ తెచ్చిన ముసలమ్మ కానుక ఐదొందల కానుక అయిందని ఊరంతా చూస్తుంది. పేదవారు తీసుకునేవారిగానే మిగిలిపోకుండా ఇచ్చేవారి వరుసలో నిలబడతారు. ఏ విరాళాల రసీదు పుస్తకానికీ ఈ శక్తి లేదు.

పిడికెడు బియ్యం పద్ధతి ఇంకా సూక్ష్మమైనది. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు పక్కన పెట్టి, వారానికోసారి మందిరానికి తెస్తుంది. పేద ఇళ్లలో నగదు సాధారణంగా మగవాడి జేబులో ఉంటుంది, బియ్యం డబ్బా మాత్రం ఆడవాళ్ల చేతిలో ఉంటుంది. ఎవరినీ అడగకుండా ఆమె ఇవ్వగలిగింది అదొక్కటే. ఆ ఇవ్వగలిగినదాన్నే లెక్కలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఉదాహరణకు ఇంటికి రోజుకు నూరు గ్రాముల చొప్పున వంద ఇళ్లు పక్కన పెడితే నెలకు 300 కిలోలు. కిలో 40 రూపాయలనుకుంటే 12 వేలు. ఇచ్చే ఇంటికి అది పెద్దగా తెలియదు. తీసుకునే సంఘానికి మాత్రం అది క్యారల్స్ డబ్బులా ఏడాదికోసారి కాక, నెలనెలా వస్తుంది.

దీన్ని ఎంత దూరం తీసుకెళ్లవచ్చో మిజోరంలో కనిపిస్తుంది. అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘాల్లో 1910లో మొదలైన ‘బుహ్‌ఫాయ్ థామ్’, అంటే పిడికెడు బియ్యమే, ఈనాటికీ ఆ చర్చి ప్రధాన ఆదాయాల్లో ఒకటి. అక్కడే 1935లో వెల్ష్ మిషనరీల ప్రోత్సాహంతో పుట్టిన యువజన సంఘం నేటి యంగ్ మిజో అసోసియేషన్. ఊళ్లో చావు జరిగితే సమాధి తవ్వే పని దానిదే. జనాభాలో అత్యధికులు ఒకే మతంవారైన చోట చర్చికీ, ఊరికీ, యువజన సంఘానికీ మధ్య గీత గీయాల్సిన అవసరం పెద్దగా రాదు. తెలుగు ఊళ్లలో ఆ పరిస్థితి లేదు. ఇక్కడ యూత్ చేసే సేవ ఊళ్లోని మిగతావారి కళ్ల ముందు, వారి ప్రశ్నల మధ్య జరుగుతుంది.

డోర్నకల్: తిరునల్వేలి పిడికెళ్లతో మొదలైన పని

విదేశీ డబ్బు లేకుండా చర్చి సేవ నడవదనే అభిప్రాయం బలంగా ఉంది. తెలుగునాట దానికి ఎదురుగా నిలిచే పెద్ద ఉదాహరణ నేటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్. దాన్ని నిర్మించిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య (1874–1945) మొదట యువజనోద్యమం మనిషే. పదేళ్లకు పైగా వైఎంసీఏ (యంగ్ మెన్స్ క్రిస్టియన్ అసోసియేషన్) కార్యదర్శిగా దక్షిణ భారతమంతా తిరిగారు. 1903లో తమిళనాట తిరునల్వేలి ప్రాంతంలో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనకు, 1905లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనకు ముందు నిలిచారు. భారతీయ మనుషులు, భారతీయ ధనం, భారతీయ నిర్వహణ: రెండో సంస్థ ప్రకటించుకున్న సూత్రం ఇది.

నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతానికి వచ్చిన ఆ మొదటి సంస్థ ఖర్చును తమిళ గ్రామీణ క్రైస్తవులు తమ చిన్న కానుకలతో భరించారు. 1909లో అజరయ్య స్వయంగా అక్కడికి వచ్చేశారు. 1912 డిసెంబరు 29న డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో ఆ స్థానానికి చేరిన తొలి భారతీయుడు ఆయనే. ఆయన సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. వాళ్లకు ఇచ్చే శక్తి లేదని ఆయన ఒప్పుకోలేదు. ధాన్యం, కోళ్లు, పిడికెడు బియ్యం, కోత పండుగ కానుకలు ఆయన మేత్రాసనంలో (బిషప్ పరిధిలోని ప్రాంతంలో) సంఘ జీవితంలో భాగమయ్యాయి.

1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో ఆయన పాశ్చాత్యులను ఉద్దేశించి చెప్పిన మాటల సారాంశం ఇది: మీరు పేదలకు ఆస్తి పంచారు, ప్రాణాలు ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులను ఇవ్వండి. ఇచ్చే చేయి ఎప్పుడూ పైనే ఉంటే స్నేహం సాధ్యం కాదని ఆయన గ్రహించారు. స్థానిక కానుకల మీద ఆయన పట్టుదలకు మూలం అక్కడ ఉంది.

ఆయన సమకాలికుడు కె.టి. పాల్ ఇదే ఆలోచనను ఇంకో దారిలో నడిపారు. 1916లో వైఎంసీఏ జాతీయ ప్రధాన కార్యదర్శి అయిన తొలి భారతీయుడు ఆయన. గ్రామాల్లో సహకార పరపతి సంఘాలు పెట్టించారు. వడ్డీ వ్యాపారి చేతిలో ఉన్న కుటుంబానికి దానం కంటే తక్కువ వడ్డీ అప్పు ఎక్కువ మేలు చేస్తుందన్నది ఆ పని వెనుక లెక్క.

భవనమున్న సంస్థ, భవనం లేని సంస్థ

వైఎంసీఏ 1844 జూన్ 6న లండన్‌లో, జార్జ్ విలియమ్స్ అనే బట్టల దుకాణం ఉద్యోగి మరికొందరు కుర్రాళ్లతో కలిసి పెట్టిన సంఘం. పల్లెల నుంచి నగరానికి వచ్చి, దుకాణం మేడ మీద ఇరుకు గదుల్లో బతికే యువకుల కోసం పుట్టింది. మద్రాసులో 1890లో మొదలైంది. అమెరికన్ వ్యాపారి జాన్ వానమేకర్ విరాళం అక్కడి భవనానికి తోడ్పడింది.

ఇక్కడ గమనించాల్సింది ఆ విరాళం తీరు. ఒక్కసారి వచ్చిన విదేశీ డబ్బు భవనమైంది. ఆ తర్వాత అద్దెలు, హాస్టల్ రుసుములు, సభ్యత్వాలు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. చెన్నై పుస్తక ప్రదర్శన జరిగే నందనం వైఎంసీఏ మైదానం తెలుగు పుస్తకప్రియులకూ తెలిసిందే. నారాయణగూడ, సికింద్రాబాద్ వైఎంసీఏల గదులు, ఆటస్థలాలు కూడా ఆ కోవలోనివే. డిసెంబరు, జూన్ సమస్య ఇలాంటి సంస్థకు ఉండదు.

ఇంకో సమస్య ఉంటుంది. భవనానికి మరమ్మతు కావాలి, సిబ్బందికి జీతాలు కావాలి. గదులు నింపడమే పనిగా మారి, ఎవరికోసం కట్టారో వారికే ఆ అద్దె అందని స్థితి వచ్చే ప్రమాదం ఉంది. పన్ను చట్టం కూడా ఇక్కడ గీత గీసింది. పేదల సహాయం, విద్య, వైద్యం వంటి పనులకు కాకుండా ‘సాధారణ ప్రజోపయోగం’ అనే పద్దు కింద గుర్తింపు పొందిన సంస్థకు, వ్యాపార స్వభావమున్న రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటితే మినహాయింపు చిక్కుల్లో పడుతుంది. 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ షరతును కఠినంగానే వ్యాఖ్యానించింది. ఊళ్లోని చిన్న యూత్‌కు ఈ బెడద లేదు. కమ్యూనిటీ హాలు కట్టి పెళ్లిళ్లకు అద్దెకివ్వాలని ఆలోచించే సంఘాలు మాత్రం ముందే లెక్క వేసుకోవాలి.

విదేశీ విరాళం: ఎక్కడ మొదలవుతుంది

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 నాటిది. 2020 సెప్టెంబరులో పార్లమెంటు దాన్ని గట్టిగా సవరించింది. విదేశీ డబ్బంతా ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. పరిపాలన ఖర్చు 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గాలి. ఒక సంస్థ తాను పొందిన విదేశీ డబ్బును మరో సంస్థకు ఇవ్వకూడదు. లైసెన్సును, 2010 చట్టంలో ఉన్నట్టే, ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. అదే ఏడాది నవంబరులో వచ్చిన నియమాల ప్రకారం, కొత్తగా రిజిస్ట్రేషన్ కోరే సంస్థ మూడేళ్లుగా ఉనికిలో ఉండి, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షలు తన ప్రధాన పనుల మీద ఖర్చు చేసి ఉండాలి.

వీటిలో ఊరి స్థాయి సంఘాన్ని నేరుగా తాకింది బదిలీ నిషేధమే. అంతకుముందు పెద్ద సంస్థ ఢిల్లీలోనో చెన్నైలోనో డబ్బు తీసుకుని, లెక్కల బరువు తాను మోసి, మారుమూల ఊళ్లలోని చిన్న సంఘాలకు పంచేది. ఖాతా, ఆడిటర్, ఆన్‌లైన్ నివేదికలు లేని చిన్న సంఘానికి పెద్ద సంస్థే గొడుగు. చట్టం ఆ గొడుగును తీసేసింది. పెద్ద సంస్థ తానే ఊళ్లోకి వచ్చి పని చేయాలి, లేదా చిన్న సంఘం తానే లైసెన్సు తెచ్చుకోవాలి. 15 లక్షల షరతుతో రెండోది చాలామందికి అందని పని.

ప్రభుత్వం చెప్పిన కారణాలు స్పష్టంగానే ఉన్నాయి: చేతులు మారేకొద్దీ డబ్బు జాడ తెలియడం లేదని, ఇచ్చిన ప్రయోజనానికి కాక వేరే వాటికి వాడుతున్నారని, దేశ ప్రయోజనాలకు సంబంధించిన విషయమని. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సవరణలను సమర్థించింది, విదేశీ విరాళం పొందడం నిరపేక్షమైన హక్కు కాదని చెప్పింది. గుర్తింపు పత్రంగా ఆధార్ బదులు పాస్‌పోర్టును అనుమతించాలన్న సడలింపు ఇచ్చింది. విమర్శకుల వాదన కూడా తేలిగ్గా తోసేయదగినది కాదు. పెద్ద సంస్థలు ఎలాగోలా ఈ షరతులను అందుకుంటాయి, దెబ్బ తగిలేది నిజాయితీగా పనిచేసే చిన్నవాటికే అని వారంటారు. షరతుల స్వరూపం చూస్తే ఆ మాటలో బలం ఉంది.

ఒక దారి మూసుకుపోతే ఏం జరుగుతుందో 2017 మార్చిలో దేశం చూసింది. విదేశీ దాత నెలనెలా ఒక బిడ్డ ఖర్చు భరించే పద్ధతిలో పనిచేసిన అమెరికన్ సంస్థ కంపాషన్ ఇంటర్నేషనల్, ముందస్తు అనుమతి లేనిదే డబ్బు పంపకూడదన్న ఆంక్ష తర్వాత భారత్‌లో పని ముగించుకుంది. దాదాపు లక్షా 45 వేల మంది పిల్లలకు సాయం ఆగింది. ఆ పిల్లల్లో చాలామంది సాయంత్రం బడి, భోజనం, ఫీజు పొందింది స్థానిక చర్చి ఆవరణల్లోని కేంద్రాల్లోనే. ఆ తర్వాత 2024 జనవరిలో వరల్డ్ విజన్ ఇండియా లైసెన్సు కూడా రద్దయింది. సాయం మంచిదే, అందులో సందేహం లేదు. అయితే ఖర్చు మొత్తం ఒకే దూరపు దాత మీద ఆధారపడిన కేంద్రానికి రెండో కాలు ఉండదు. ఊరివాళ్లు అందులో దాతలుగా ఎప్పుడూ లేకపోతే, దారి మూసుకుపోయిన రోజున దాన్ని తమదని పట్టుకునేవారు ఎవరూ ఉండరు.

ఇక అమెరికా అన్నయ్య పదివేలు. ఇక్కడ చట్టం చూసేది అతను ఎక్కడ ఉన్నాడని కాదు, ఏ దేశ పౌరుడని. డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నా భారత పాస్‌పోర్టే ఉంటే, తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కిందకు రాదు. అతని పాస్‌పోర్టు ప్రతి ఒకటి తీసి దగ్గర పెట్టుకోవడం మంచిది. అదే అన్నయ్య అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, అతనిచ్చేది విదేశీ విరాళమే. సెలవులకు ఊరొచ్చి క్యారల్స్ డబ్బాలో రూపాయల్లో వేసినా అంతే. చాలా యూత్‌లు తెలియకుండా తప్పు చేసేది ఇక్కడే: ఒకే ఇంట్లో అన్న డబ్బు తీసుకోవచ్చు, విదేశీ పౌరురాలైన వదిన డబ్బు తీసుకోకూడదు అనే పరిస్థితి వస్తుందని వారికి చెప్పినవారు లేరు.

రసీదు, పేరు, పన్ను

డబ్బాలో పడే పేరులేని నోట్ల గురించి భయం ఎక్కువ, వాస్తవం తక్కువ. పన్ను మినహాయింపు పొందే సేవా ట్రస్టుకు దాత పేరు, చిరునామా లేకుండా వచ్చే విరాళాలు ఒక హద్దు దాటితే, దాటిన మేరకు 30 శాతం పన్ను పడుతుంది. ఆ హద్దు లక్ష రూపాయలు లేదా మొత్తం విరాళాల్లో 5 శాతం, ఏది ఎక్కువైతే అది. పూర్తిగా మతపరమైన సంస్థలకు ఈ నియమం వర్తించదు. మతం, సేవ రెండూ ఉన్న సంస్థలకూ చాలావరకు మినహాయింపు ఉంది. కొత్త ఆదాయపు పన్ను చట్టం ముసాయిదాలో ఆ రెండో మినహాయింపు కనిపించకపోవడంతో 2025లో ఆందోళన రేగింది, సెలక్ట్ కమిటీ సూచన తర్వాత దాన్ని తిరిగి చేర్చారు. ఊరి యూత్ వసూళ్లు సాధారణంగా ఈ హద్దుల దరిదాపుల్లోకి రావు.

80జీ రాయితీది, అంటే విరాళమిచ్చిన దాతకు ఆదాయపు పన్నులో దక్కే తగ్గింపుది, వేరే సంగతి. ‘మీకిస్తే మాకు పన్ను తగ్గుతుందా’ అని ఉద్యోగస్తులు అడగడం వల్ల చాలా సంఘాలు ఆ గుర్తింపు కోసం పరుగెడతాయి. దానికి ముఖ్యమైన షరతు, సంస్థ ఏదో ఒక మతంవారి మేలుకే ఉద్దేశించినది కాకూడదు. మతపరమైన ఖర్చు ఆదాయంలో 5 శాతం మించకూడదు. చర్చికి నేరుగా ఆ గుర్తింపు రాకపోవడానికి, యూత్ విడిగా సొసైటీ పెట్టుకోవాల్సి రావడానికి ఇది పెద్ద కారణం. తీరా గుర్తింపు వచ్చినా ప్రతి దాత పాన్ సేకరించి ఏటా వివరాలు దాఖలు చేయాలి. రెండు వేలు దాటిన నగదుకు రాయితీ ఉండదు. పైగా కొత్త పన్ను విధానంలో ఉన్న దాతకు ఈ రాయితీ అసలే లేదు. యూత్‌కు ఇచ్చే కుర్ర ఉద్యోగుల్లో ఎక్కువమంది ఆ విధానంలోనే ఉంటారు. అంటే, వారానికి వందా రెండొందలు ఇచ్చేవారి మీద ఆధారపడే సంఘానికి 80జీ వల్ల వచ్చే అదనపు విరాళం కంటే దాని కోసం ఆడిటర్‌కు ఇచ్చే రుసుమే ఎక్కువ కావచ్చు. కంపెనీల సామాజిక బాధ్యత నిధుల వైపు చూసే పెద్ద సంఘాలకు మాత్రం అది తప్పనిసరి మెట్టు.

సాయం వెనుక ఉద్దేశం గురించిన అనుమానం

దుప్పటి ఇచ్చి మతం మార్చుకోమంటారా అనే ప్రశ్న ఊళ్లో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని అవమానంగా తీసుకోకుండా, ఒక పద్ధతితో జవాబు చెప్పిన ఉదాహరణ తెలుగునేల మీదే ఉంది. 1876–78 నాటి మహా కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమంది కూలీలకు పని ఇచ్చారు. కరువు సాయం నడుస్తున్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. తిండి కోసం వచ్చేవారు ఎవరో, విశ్వాసంతో వచ్చేవారు ఎవరో తేలాలన్నది ఆయన ఉద్దేశం. సాయం ముగిశాకే, 1878 జూలై 3న ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య గురించి చరిత్రలో చాలా చర్చ ఉంది. దాని ముందున్న విరామం గురించి చెప్పేవారు తక్కువ.

మెదక్ చర్చి కథ కూడా ఇలాంటిదే. మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో కరువు రోజుల్లో కూలీలకు పనీ తిండీ కల్పిస్తూ పదేళ్లు సాగిన నిర్మాణం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. ఊరికే పంచడానికీ పని కల్పించి కూలి ఇవ్వడానికీ మధ్య ఉన్న తేడాను కాలువ, చర్చి రెండూ చూపిస్తాయి.

ఈనాటి యూత్‌కు క్లౌ విరామంతో సమానమైన పద్ధతి, లబ్ధిదారుల జాబితాను తాము తయారు చేయకపోవడం. పరీక్ష అట్టలు ఎవరికివ్వాలో ప్రభుత్వ బడి ప్రధానోపాధ్యాయుడు, మందులు ఎవరికి కావాలో ఆశా కార్యకర్త చెబితే, పేర్లలో అన్ని మతాలవారూ సహజంగానే ఉంటారు. 80జీ షరతు కోరేది కూడా దీన్నే. పంపిణీ రోజున ప్రసంగం లేకపోతే అనుమానానికి ఇంకా చోటు తగ్గుతుంది. గుడ్ ఫ్రైడే నాడు చాలాచోట్ల జరిగే రక్తదాన శిబిరాలకు ఊళ్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోవడానికి కారణం ఇదే: రక్తం ఎవరికెక్కుతుందో ఇచ్చినవారికి తెలియదు.

ఇకముందు

విదేశీ నిధుల దారి త్వరలో వెడల్పవుతుందని అనుకోవడానికి ఆధారాలు కనిపించడం లేదు. కాబట్టి మార్పు స్థానికంగానే రావాలి. డిసెంబరు డబ్బా పక్కన నెలనెలా యాభై రూపాయల యూపీఐ కానుక చేరితే పిడికెడు బియ్యం పద్ధతి కొత్త రూపంలో తిరిగొచ్చినట్టే. వంద ఇళ్లు యాభై చొప్పున ఇస్తే ఏడాదికి 60 వేలు, అదీ జూన్‌లో చేతిలో ఉండే డబ్బు. ఊరు విడిచి వెళ్లిన పాత యూత్ సభ్యులు దీనికి సహజమైన దాతలు. వాళ్ల పౌరసత్వం ఏమిటో ముందే రాసి పెట్టుకుంటే సరి.

లెక్కల పుస్తకంలో కనిపించని భాగం ఒకటి మిగిలిపోతుంది. సాయంత్రం ట్యూషన్‌కు కావలసింది ఒక బోర్డు, సుద్దముక్కలు, ఒక బల్బు, మందిరం వరండా. అసలు పెట్టుబడి డిగ్రీ చదివే అమ్మాయి రోజూ ఇచ్చే రెండు గంటలు. తుపాను తర్వాత చెట్లు నరికి దారి చేసేవారి కూలి, సమాధి తవ్వినవారి రాత్రి, ఇవేవీ ఏ రసీదులోనూ ఉండవు. ఈ పనికి డబ్బు కొరత కంటే మనుషుల మార్పే పెద్ద ప్రమాదం. ఆ అమ్మాయికి ఉద్యోగం వస్తే వరండా చీకటిగా ఉంటుంది. పై తరగతి పిల్లలు కింది తరగతివారికి చెప్పేలా ముందే అలవాటు చేసిన చోట ఆ ఇబ్బంది తక్కువ.

తేదీల విషయం కూడా చూసుకోవాలి. చర్చి లెక్కలు చాలాచోట్ల డిసెంబరుతో ముగుస్తాయి, జనవరిలో చదువుతారు. పన్ను చట్టం ఏడాది మార్చి 31తో ముగుస్తుంది. విదేశీ విరాళాల లైసెన్సు ఉన్న సంస్థకు వార్షిక నివేదిక గడువు డిసెంబరు 31, సరిగ్గా అందరూ సంవత్సరాంత రాత్రి ఆరాధనలో ఉండే రోజు. రిజిస్టరైన సొసైటీ తన సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లో కొత్త కమిటీ జాబితాను రిజిస్ట్రార్‌కు అందజేయాలి. పెద్దగా ఖర్చులేని పని ఇది, ఎక్కువగా మరిచిపోయేదీ ఇదే. పాత ట్రెజరర్ ఊరు వదిలి వెళ్లాక బ్యాంకు మొదట అడిగే కాగితం కూడా ఆ జాబితానే.